లాజరు బాబాయి, రెండు మఫ్లర్లు

మా లాజరు బాబాయికి చెవులు వినపడవు. ఈ ముక్క మొదటే చెప్పేస్తున్నాను. ఆయన దీన్ని పదిహేడేళ్లు దాచాడు గానీ నాకంత ఓపిక లేదు. ఇప్పుడు దాచి లాభం కూడా లేదు. కంకిపాడు టీకొట్టు దగ్గర ఆ రోజు నిలబడ్డ వాళ్లందరికీ తెలిసిపోయింది. అదెలా జరిగిందో చెప్పడానికే ఇదంతా.

ఆయన మా అమ్మ చెల్లెలు శౌరమ్మ భర్త. గుణదలలో మేరీమాత కొండకి ఇవతల, పంటబోదె పక్కన రెండు గదుల పెంకుటిల్లు. నేను బి.యస్సీ రెండో ఏడు మధ్యలో వదిలేసి, ఇంట్లో మా నాన్న ముఖం చూడలేక వీళ్ల పంచన చేరాను. ఎందుకు వదిలేశానని పిన్ని రోజూ అడిగేది. బాబాయి ఒక్కసారీ అడగలేదు. ఎంత పెద్దమనసో అనుకున్నాను. నేను చదువు వదిలేసిన సంగతే ఆయన చెవిన పడలేదని నెల తరవాత తెలిసింది.

వయసులో ఉండగా ఆయన కొండరాయి కొట్టే క్వారీలో లారీ తోలాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా తూటాలు పేలుతుంటే వినీ వినీ ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవిలో పావలా వంతు మిగిలింది. అది కూడా అరిస్తేనే. ఆ తరవాత దివితాలూకాలో ఒక చిన్న జమీందారు కుటుంబంలో డ్రైవరుగా కుదిరాడు. వాళ్ల కుర్రాడు ఇంగ్లండు నించి ఎర్రటి రేసు కారొకటి తెప్పించుకున్నాడు. రెండే సీట్లు, పైన టాపు మడిస్తే వెనక్కి పోతుంది, నేలకి జానెడెత్తు. మూడేళ్లకి కుర్రాడికి మోజు తీరింది. కారూ, బాబాయీ షెడ్డులో మిగిలారు.

అరవై తొమ్మిదిలో ఆ కారుని బసవయ్యగారు కొన్నారు. పామర్రులో ఆయనకి రైసు మిల్లుంది. కాపురం బెజవాడ సూర్యారావుపేటలో. రోజూ పొద్దున్నే పామర్రు వెళ్లి సాయంత్రం తిరిగొస్తారు. అమ్మేటప్పుడు జమీందారు గారు అన్నారట, కారు కావాలంటే లాజర్ని కూడా తీసుకుపోండి, ఆ కారు వాడి మాట తప్ప ఇంకెవరి మాటా వినదు అని. లాజరు కూడా ఎవరి మాటా వినడని ఆయన చెప్పలేదు. ఆయనకీ తెలియదు.

ఎలా దాచాడంటే, మఫ్లరుతో. చెవుల్లోకి గాలి పోతే తలపోటని చెప్పి, ఏడాది పొడుగునా తలకి ఊలు మఫ్లరు చుట్టుకునేవాడు. ఎవరైనా పిలిస్తే పలకలేదనుకోండి, మఫ్లరు అడ్డం వచ్చిందని సర్దుకునేవారు. ఎదటివాళ్ల పెదాలు కదిలితే చాలు, ముందు "చిత్తమండీ" అనేసేవాడు. తరవాత వాళ్ల చెయ్యి ఎటు చూపిస్తుందో చూసి పని చేసేవాడు. యజమానులకి ఇంతకంటే మంచి డ్రైవరు ఎక్కడ దొరుకుతాడు? గుళ్లో అందరూ మోకరించాక అరక్షణం ఆగి మోకరించేవాడు. చేసిన పాపాలు చెప్పుకోడానికి పాపసంకీర్తనానికి వెళ్తే జల్లెడ చెక్క వెనకనించి ఫాదరుగారు గుసగుసగా చెప్పే ప్రాయశ్చిత్తం ఏం వినపడుతుంది? అందుకని తనే ఒకటి ఖాయం చేసుకున్నాడు. మూడు పరలోక జపాలు, మూడు మంగళవార్త జపాలు, తక్కువైతే పనికొస్తుందని పైన ఇంకొకటి.

రోడ్డు మీద మాత్రం ఆయన్ని వంక పెట్టడానికి లేదు. వెనకనించి హారన్లు వినపడవు గనక ప్రతి పది గజాలకీ అద్దం చూసేవాడు. వినపడే డ్రైవర్లు ఎవరూ అంత చూడరు. ఇన్నేళ్లలో ఒక కోడిపిల్లని కూడా తొక్కించలేదు.

అసలు కిటుకంతా ఆ కారులో ఉంది. అంబాసిడరు లాంటి కారైతే యజమాని వెనక సీట్లో కూర్చుని డ్రైవరు మెడతో మాట్లాడతాడు. అలాంటి చోట బాబాయి వారం నిలవడు. రెండు సీట్ల కారులో బసవయ్యగారు పక్కనే కూర్చోవాలి. పెదాలు కనపడతాయి. టాపు తీసేస్తే గాలి హోరు. దానికి తోడు డెబ్భై రెండులో రెండు సైలెన్సర్లూ తుప్పుపట్టి అడుగు ఊడిపోయాయి. అప్పటినించీ ఆ కారు కదిలితే యుద్ధవిమానం దిగినట్టుండేది. అందులో మాట్లాడాలంటే ఎవరైనా సరే గొంతు చించుకోవాల్సిందే. బసవయ్యగారు అరిచేవారు, బాబాయి కూడా అరిచేవాడు. అందరూ చెవిటివాళ్లే అయిన చోట ఒక చెవిటివాణ్ణి పట్టుకునేదెవరు?

సైలెన్సర్లు పోయిన కొత్తలో, మార్చమంటారా అని బాబాయి అడిగాడట. బసవయ్యగారు చెయ్యి ఊపి, ఉండనివ్వవోయ్, మనం వస్తున్నామని ఊరికి తెలియొద్దా అన్నారట. మేరీమాత దయ అనుకుని బాబాయి ఆ ఆదివారం కొండ మీద కొవ్వొత్తి వెలిగించి వచ్చాడు. రెండేళ్లు హాయిగా గడిచాయి.

డెబ్భై నాలుగు మే నెలలో ఆ హాయి కాస్తా పోయింది. బసవయ్యగారి ఒక్కతే కూతురు ఛాయాదేవి పురిటికి పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రినించి ఇంటికి తెచ్చిన రోజే సాయంత్రం కారు వాకిట్లోకి రావడం, పిల్ల ఉలిక్కిపడి లేచి నీలంగా అయ్యేదాకా ఏడవడం జరిగింది. మర్నాడూ అంతే. మూడోరోజు ఛాయాదేవి వసారాలోకి వచ్చి తండ్రికి గట్టిగా చెప్పేసింది. బారసాల నాటికి ఆ కారు నోరు మూయించకపోతే బిడ్డనెత్తుకుని అత్తారింటికి వెళ్లిపోతానంది. బసవయ్యగారు కారు ఆపించి బాబాయిని పిలిచి అదే మాట చెప్పారు. సైలెన్సర్లు వేయించు, కుదరకపోతే దీన్ని అమ్మేసి అంబాసిడరు తీసుకుందాం.

ఆ రాత్రి బాబాయి అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. పిన్నికి సంగతి తెలుసు. నాకప్పటికి రెండు నెలలుగా తెలుసు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అచ్చం అలాగే ఉంది. సైలెన్సర్లు వెయ్యకపోతే అంబాసిడరు వస్తుంది, వెనక సీటు వస్తుంది, బాబాయి దొరికిపోతాడు. వేస్తే కారు నోరు మూసుకుంటుంది, బసవయ్యగారు మామూలు గొంతుతో మాట్లాడతారు, అప్పుడూ దొరికిపోతాడు. చెవిటి డ్రైవర్ని ఎవరు ఉంచుకుంటారు? ఏభై ఏళ్ల వయసులో, వేరే పని చేతకానివాడు ఎక్కడికి పోతాడు?

మర్నాడు పొద్దున ఆయన నా ముందు కారు రిపేరు పుస్తకం పెట్టి, సైలెన్సర్లకి దీంట్లో ఏం పేరుందో చూసి మద్రాసుకి టెలిగ్రాం రాయమన్నాడు. అంటే వేద్దామని తేల్చుకున్నాడన్నమాట.

కారు ఇంగ్లండుదైనా ఆ పుస్తకం అమెరికాలో అచ్చయింది. అందులో సైలెన్సరన్న మాట ఎక్కడా లేదు. బొమ్మ కింద మఫ్లరని ఉంది. రెండేళ్లు కాలేజీలో ఇంగ్లీషు చదివినవాణ్ణి కదా, ఉన్నది ఉన్నట్టు దించాను. మద్రాసులో బసవయ్యగారి బియ్యం కమీషన్ ఏజెంటు ఒకాయన ఉన్నాడు. ఆయన పేర, మంచి రకం మఫ్లర్లు రెండు, అర్జంటు అని కొట్టించాను. కారు సంగతి రాయలేదు. టెలిగ్రాంలో మాటలు తగ్గించాలని నా తెలివి.

వారానికి పార్సిలు వచ్చింది. చాలా తేలిగ్గా ఉంది. విప్పితే రెండు ఊలు మఫ్లర్లు. ఒకటి బూడిదరంగు, ఒకటి మెరూన్. వెంట చీటీ. మే నెలలో మద్రాసులో ఇవి సంపాదించడానికి తల ప్రాణం తోకకొచ్చిందనీ, ఇంట్లో ఎవరికైనా జబ్బుగా ఉందా అనీ రాశాడు. బసవయ్యగారు చీటీ చదివి నా వంక చూసి, ఇందుకేనేమిటోయ్ కాలేజీవాళ్లు నిన్ను వదిలేశారు అన్నారు. వాళ్లు వదిలెయ్యలేదు, నేనే వదిలేశానని చెప్పబోయి ఊరుకున్నాను. మెరూన్‌ది ఆయన ఉంచుకున్నారు. బూడిదరంగుది బాబాయి భుజాన వేసి, చెవుల్లో గాలి అంటావుగా, చుట్టుకో అన్నారు. బాబాయి "చిత్తమండీ" అన్నాడు.

బారసాలకి ఇంకా తొమ్మిది రోజులుంది. మళ్లీ మద్రాసుకి రాసే వ్యవధి లేదు. బాబాయి నన్ను వెంటేసుకుని వన్‌టౌన్ పాత ఇనుము కొట్లన్నీ తిరిగాడు. చివరికి పాత జీపు సైలెన్సర్లు రెండు ఏరాడు. ఏరడం ఎలాగంటే, ఒక్కోదాన్నీ ఎత్తి ఊపి, లోపల రేకులు కదులుతున్నాయేమో అరచేత్తో చూస్తాడు. కొట్టువాడు చెవి దగ్గర పెట్టుకుని ఊపి వినమంటాడు. బాబాయి తల అడ్డంగా ఊపి మళ్లీ చెయ్యే ఆనిస్తాడు. ఈయనెవరో పెద్ద పనివాడని కొట్టువాడు నాతో అన్నాడు. అవునన్నాను.

కారు నేలకి జానెడే అన్నాను కదా. దాని కింద దూరడానికి మనిషి బొద్దింకై పుట్టాలి. వర్క్‌షాపుకి తీసుకుపోదామంటే బాబాయి ఒప్పుకోలేదు. ఆయన కారు మీద ఇంకొకడి స్పానరు పడకూడదు. మా ఇంటి ముందు బోదె ఉందిగా. ఏప్రిల్లో కాలవ కట్టేశారు, బోదె ఎండి నెర్రెలిచ్చింది. మూడడుగుల వెడల్పు, మోకాల్లోతు. కారుని నెమ్మదిగా బోదె మీదికి ఎక్కించి, ఇటు చక్రాలు ఇటు గట్టు మీద, అటు చక్రాలు అటు గట్టు మీద ఉండేలా నిలబెట్టాడు. చక్రాల కింద తాటిపట్టెలు వేశాం. ఇప్పుడు బోదెలో వెల్లకిలా పడుకుంటే కారు పొట్టంతా కళ్ల ముందుంటుంది. వర్క్‌షాపుల్లో సిమెంటు గొయ్యి కడతారు చూడండి, కాలవ శాఖవాళ్లు మాకు దాన్ని ముందే తవ్వి పెట్టారు.

కింద ఇద్దరం పక్కపక్కన పడుకుని పని చేశాం. అక్కడ అరిస్తే నా గొంతే నా నెత్తిన పడుతుంది, ఆయనకి మాత్రం వినపడదు. అందుకని సైగల లెక్కొకటి పెట్టుకున్నాం. స్పానరుతో మోకాలి మీద ఒకసారి తడితే బిగించు, రెండుసార్లు తడితే వదులు, గట్టిగా తంతే చెయ్యి తియ్యి. మొదటిరోజంతా పాతవి ఊడదియ్యడానికే సరిపోయింది. నట్లు తుప్పుపట్టి బోల్టులో కలిసిపోయాయి. కిరసనాయిల్లో తడిపిన గుడ్డ చుట్టి రాత్రంతా ఉంచి, పొద్దున పట్టుబట్టి తిప్పితే నాలుగు వచ్చాయి. మిగతావి రంపంబ్లేడుతో కొయ్యాల్సి వచ్చింది. ఊడొచ్చిన సైలెన్సరు నా ఛాతీ మీద పడితే అందులోంచి శేరు తుప్పు రాలింది. నోట్లోకి కూడా పోయింది. బాబాయి నవ్వాడు. పార్సిలు వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

కొత్తవాటిది వేరే తంటా. జీపు సైలెన్సరు పొడవు. రెండు చివర్లా గొట్టాలు కోసి, ఈ కారు గొట్టం ముక్కలు అతికించాలి. కొలతలు పుల్లతో తీసి, ఒక్కరోజు వెల్డింగుకి ఇచ్చి తెచ్చాం. వేలాడదీసే పట్టీలు లారీ టైరు కోసి చేశాడు. అతుకుల దగ్గర పొగ కారకుండా ఆస్బెస్టాసు తాడు చుట్టి క్లాంపులు బిగించాలి.

క్లాంపులు బిగిస్తుండగా నాకో ఆలోచన వచ్చింది. మంచిదని చెప్పను. సైలెన్సరు పైభాగం కారు అడుగుకి ఆనుకుని ఉంటుంది, ఎవరికీ కనపడదు. అక్కడ రూపాయి బిళ్లంత చిల్లు పెడితే మోత కొంచెం ఉంటుంది. పిల్ల లేచేంత కాదు. బసవయ్యగారు గొంతు పెంచాల్సినంత. కొలతలు గీసుకోడానికి బాబాయి పట్టుకున్న బొగ్గుముక్క తీసుకుని సైలెన్సరు పైన గుండ్రంగా గీసి చూపించి, చెవి చూపించి, నోరు తెరిచి అరిచినట్టు నటించాను. ఆయనకి వెంటనే అర్థమైంది. చాలాసేపు ఆ గీత వంక చూశాడు. తరవాత మఫ్లరు కొసతో దాన్ని తుడిచేశాడు.

"నా చెవులు పోయాయని పసిదాని నిద్ర కూడా పోవాలంట్రా?"

మోకాలి మీద ఒకసారి తట్టాడు. బిగించమని.

బారసాల ముందురోజుకి కుడివైపుది పూర్తయింది, ఎడమవైపుది చివరి క్లాంపు మిగిలింది. నేను గట్టు మీదికి వచ్చి ఇంకో స్పానరు అందుకున్నాను. ఎగువ పొలాలవైపు నించి ఎవరో కేక వేశారు. కాలవ వదిలారట. ఇంకో మూడు రోజులుందనుకున్నాం. చూస్తుండగానే బోదెలో ఎండుటాకుల్ని, పుల్లల్ని, మేకపెంటికల్ని ముందుకు తోసుకుంటూ, నురగ కక్కుతూ నీళ్లు వచ్చేస్తున్నాయి. లే బాబాయ్ అని అరిచాను. అరిచి ఏం లాభం? కాలు పట్టుకుని లాగబోతే, కంగారులో స్పానరు మోకాలికి ఒక్కసారే తగిలింది. బిగించు అని. ఆయన ఇంకా బిగిస్తున్నాడు. నీళ్లు వీపు కిందికి వచ్చాయి. కిరసనాయిలు డబ్బా దొర్లిందనుకున్నాడట, ఒక చెయ్యి అటు చాచి తడుముకున్నాడు. డొక్కల దాకా వచ్చాక గాని సంగతి తెలియలేదు. అయినా లేవలేదు. ఆ ఒక్క నట్టూ బిగించాకే, నానిన ఊలు మఫ్లరు నీళ్లు కారుతుండగా పైకి వచ్చాడు. పిన్ని గట్టు మీద నిలబడి తిట్టిన తిట్లు ఆయనకి వినపడకపోవడం మంచిదే అయింది.

ఇద్దరం తాటిపట్టెల మీదినించి కారుని వెనక్కి నెట్టి వాకిట్లో నిలబెట్టాం. ఇక చూడాల్సింది, అసలు మోత పోయిందా లేదా. ఇక్కడే నేను తెలివి తక్కువగా ఆలోచించాను. ఎలాగూ ఈయనకి వినపడదు, నన్నే అడుగుతాడనుకున్నాను. అడగలేదు. నన్ను స్టార్టు చెయ్యమని, తను తడిబట్టలతో వెళ్లి చూరు కింద గంప ముందు గొంతుక్కూర్చున్నాడు.

ఆ గంపలో పిన్ని పొదగేసిన నల్లపెట్ట ఉంది. పదమూడు గుడ్లు. కారు వాకిట్లోకి వచ్చినప్పుడల్లా ఆ పెట్ట గుడ్లు వదిలేసి గోడదాకా ఎగిరేది, పిన్ని కారునీ బాబాయినీ కలిపి శపించేది. నేను తాళం తిప్పి బటను నొక్కాను. ఇంజను అందుకుంది. వెనక గొట్టాల్లోంచి ఉడుకుతున్న అన్నం గిన్నె మీద మూత కదిలినట్టు చిన్న చప్పుడు. అంతే. కాలితో కాస్త తొక్కాను. కొద్దిగా పెరిగిందంతే.

పెట్ట మెడ ఎత్తింది. ఒకసారి కారు వంక చూసింది. కళ్లు మూసుకుంది.

బాబాయి లేచి నిలబడి నా వైపు తిరిగి, ఎవరికో సాక్ష్యం చెప్తున్నట్టు, "పెట్ట లేవలేదు" అన్నాడు. ఆ ముఖంలో సంతోషం ఉంది. దాని వెనకే భయం కూడా ఉంది. పని బాగా కుదిరింది, ఇక తను పట్టుబడిపోవడమే మిగిలింది.

మర్నాడు బారసాల సాయంత్రం. పొద్దున్నే బసవయ్యగారు రిక్షాలో గుణదల వచ్చారు. మిల్లులో గంట పనుంది, పామర్రు వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికి చేరాలన్నారు. బాబాయి తయారయ్యాడు గాని తలకి మఫ్లరు లేదు. పిన్ని గూట్లోంచి పాతది తెచ్చి ఇచ్చింది. వద్దన్నాడు. ఇవాళ ఎటూ తెలిసిపోతుంది, ఇంకా ముసుగెందుకన్నాడు. తెలుపూ నలుపూ కలిసిన ఆ తల అంత బోసిగా నేనెప్పుడూ చూడలేదు. చెప్పులు కూడా విప్పి సీటు కింద పెట్టాడు. ఇంజను పిలుపు ఇక చెవికి రాదు గనక అరికాలితో పట్టుకోవాలి.

దారిలో ఏ క్లాంపైనా జారితే చేతికింద ఉండాలని, స్పానర్ల సంచీతో నన్ను సీట్ల వెనక టాపు మడిచే ఇరుకులో కుక్కారు. నా తల సరిగ్గా వాళ్లిద్దరి తలల మధ్యన ఉంది.

బాబాయి బటను నొక్కి, అరచెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించాడు. అదిరింది. గేరు వెయ్యబోయాడు.

"స్టార్టు చెయ్యవేవోయ్?" అని అరిచారు బసవయ్యగారు.

ఇంజను నడుస్తూనే ఉంది. నాకు స్పష్టంగా వినపడుతోంది. బాబాయి ఆయన పెదాలు చూసి, "చిత్తమండీ" అని కారు కదిలించాడు.

పటమట దాటేదాకా నాకు వెలగలేదు. బసవయ్యగారు ఎప్పట్లాగే అరుస్తున్నారు. మిల్లులో హల్లరు బెల్టు గురించి, వర్షాల గురించి, అల్లుడు తెచ్చిన గొలుసు గురించి. కారేమో పిల్లిలా పోతోంది. అరుపు మాత్రం పాత కారు నాటి అరుపే. సైకిళ్లవాళ్లు దిగి చూస్తున్నారు. నీళ్లబిందెతో పోతున్న ఒకామె, పాపం ఆ డ్రైవర్ని ఎలా తిడుతున్నాడో అంది. బాబాయి ప్రతి అరుపుకీ చిత్తమంటున్నాడు. ఆయన మెడ మీద చెమట ధారగా కారుతోంది. అయ్యగారు ఇంకా అరుస్తున్నారంటే మోత పోలేదేమో, పెట్ట అబద్ధం చెప్పిందేమో అనుకున్నాడట పాపం.

కంకిపాడులో టీకొట్టు ముందు ఆపమన్నారు. బల్ల మీద పదిమంది దాకా ఉన్నారు. బసవయ్యగారు కారు దిగకుండా బాబాయి వైపు తిరిగి, చుట్టూ చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. రహస్యం చెప్తున్నానని ఆయన ఉద్దేశం. ఆ రహస్యం కొట్టు వెనక గేదెలకి కూడా వినపడింది.

"లాజరూ, నీకో మాట చెప్పాలి. ముప్ఫయ్యేళ్లు మిల్లు మోతలో నా చెవులు రెండూ పోయినయ్యి. ఈ కారు మోత ఉంది గనక ఇన్నాళ్లూ ఎవడికీ తెలియలా. సైలెన్సర్లు అందుకే మార్చనివ్వలేదు నిన్ను. ఇప్పుడిక నేను అరిస్తే జనం చూస్తున్నారు. ఇంట్లో తెలిస్తే మిల్లు అల్లుడికి అప్పజెప్పి కూర్చోమంటారు. నువ్వు మాత్రం బయటపెట్టకు."

బాబాయి చెయ్యి అడ్డం ఉన్నందువల్ల పెదాలు చూడలేకపోయాడు. పేరు తప్ప ఏమీ అందలేదు. అలవాటుగా చిత్తమని, నా వైపు తిరిగాడు. తన పేరు వినపడ్డట్టుంది, ఉద్యోగం పోయిందని ఖాయం చేసుకున్న ముఖం. నేను ఏం చెయ్యను? బసవయ్యగారి చెవులు చూపించి, రెండు చేతులూ అడ్డంగా ఊపాను. బాబాయికి నమ్మకం కలగలేదు. మళ్లీ చూపించమన్నాడు. మళ్లీ చూపించాను. ఆయన బసవయ్యగారి వంక, ఆ మనిషిని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"నాదీ అదేనండీ" అన్నాడు నెమ్మదిగా.

"ఏంటి?"

"నాదీ అదేనండీ. నాకూ వినపడదండీ."

"గట్టిగా చెప్పవోయ్."

మా బాబాయి పదిహేడేళ్లుగా భార్యకి తప్ప ఎవరికీ చెప్పని మాట స్టీరింగు పట్టుకుని లేచి నిలబడి, కంకిపాడు సెంటరంతా మారుమోగేలా చెప్పాడు. "నేను చెవిటివాణ్ణండీ, బసవయ్యగారూ."

టీకొట్టు మొత్తం నిశ్శబ్దమైపోయింది. ఆ సంగతి వాళ్లిద్దరికీ తెలియదనుకోండి. బసవయ్యగారు నవ్వడం మొదలుపెట్టారు. బొజ్జ పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. మరి ఇన్నాళ్లూ నేను చెప్పిందేంటి, నువ్వు విన్నదేంటి అని అడిగారు. నేను మధ్యలో దూరి ఇటునించి అటు, అటునించి ఇటు కేకలు మోశాను. ఐదేళ్లలో ఆయన చెప్పినవాటిల్లో సగం బాబాయికి అందలేదు, బాబాయి చెప్పినవి ఆయనకి అసలే అందలేదు. అయినా ఒక్క రోజు మిల్లుకి ఆలస్యం కాలేదు. టీకొట్టతను డబ్బులు పుచ్చుకోకుండా మూడు టీలు ఇచ్చాడు. అంత వినోదం ఆ వీధిలో ఎప్పుడూ జరగలేదన్నాడు.

మళ్లీ కారెక్కాక బసవయ్యగారు అరవలేదు. చూపుడువేలు కుడివైపు తిప్పితే కుడి, ఎడమవైపు తిప్పితే ఎడమ, అరచెయ్యి పెడితే ఆగు. అద్దం ఇంకోటి ఎడమవైపు కూడా పెట్టించమని, రెండు చేతుల్తో బొమ్మ గీసి చెప్పారు. వుయ్యూరు దాటాక గట్టు పక్కన కొత్త నీళ్లు పారుతున్నాయి. మఫ్లరు లేని బాబాయి తలకి గాలి తగులుతోంది. చెవుల్లోకి కూడా పోతోంది. తలపోటేమీ రాలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి సూర్యారావుపేటలో వాకిట్లోకి వచ్చాం. వసారా కిటికీ పక్కనే చీర ఉయ్యాల కట్టారు. ఛాయాదేవి ఉయ్యాల తాడు పట్టుకుని అటు తిరిగి కూర్చుంది. కారు కిటికీ కిందికి వచ్చి ఆగినా ఆమె తల తిప్పలేదు. ఉయ్యాల మెల్లగా ఊగుతోంది. బాబాయి ఇంజను కట్టి, దిగి, కాళ్లకి చెప్పులు కూడా వేసుకోకుండా కిటికీలోంచి తొంగిచూశాడు. నిన్న పెట్టని చూసినట్టే చూశాడు. పిల్ల గుప్పిళ్లు మూసుకుని పడుకుంది. వెనక్కి తిరిగి బసవయ్యగారికి రెండు చేతులూ చెంప కింద పెట్టి చూపించాడు.

బసవయ్యగారు మునివేళ్ల మీద నడుచుకుంటూ వచ్చి కిటికీలో తల పెట్టారు. మనవరాల్ని చూసి, ఆనందం పట్టలేక, తనకి చేతనైనంత మెల్లగా బాబాయి చెవిలో చెప్పారు.

"లేవలేదోయ్ లాజరూ."

గోడమీది కాకులు ఎగిరిపోయాయి. ఛాయాదేవి అదిరిపడి లేచి నిలబడింది. ఉయ్యాల్లోంచి పిల్ల గుక్కపట్టి ఏడుపు అందుకుంది.

అప్పటికే ఇద్దరూ కిటికీకి వీపు తిప్పారు, అదేదీ చూడలేదు. నాకు చెప్పబుద్ధి కాలేదు. బాబాయి తుప్పు మరకల చెయ్యి తుడుచుకున్నాడు. బసవయ్యగారు ఆ చేతిని పట్టుకుని ఊపారు. కిటికీ కింద, ఆ ఏడుపు మధ్యలో, ఇద్దరూ ఎంతో నిశ్చింతగా నవ్వుకుంటూ నిలబడ్డారు.